కిలో సున్నంలో మూడొందల గ్రాములు

మా కెమిస్ట్రీ మేడం పోయారన్న కబురు నాకు ఫోన్‌లో ఒక బొమ్మగా వచ్చింది. దండ వేసిన ఆవిడ ఫోటో, కింద "మా కళాశాల కుటుంబానికి తీరని లోటు" అన్న మాట, దాని కింద ఆవిడ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో కాలేజీ పేరు. గుండెపోటట. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. ఆ కుటుంబమే ఆవిణ్ణి విద్యాసంవత్సరం మధ్యలో బయటికి పంపేసింది. ఎందుకు పంపిందో వాళ్ళెలాగూ చెప్పరు. నేను చెబుతాను.

అది గుంటూరులో పేరున్న హాస్టల్ కాలేజీ. మిగతా లెక్చరర్లు జవాబు ఎలా పట్టాలో చెప్పేవాళ్ళు. ఆవిడ మాత్రం కొంగు నడుముకు దోపి, బోర్డు మీద సమీకరణం రాసి, అటూ ఇటూ పరమాణువులు లెక్కపెట్టించేవారు. ఎవరైనా తొందరపడి గ్రాముల్లోకి దూకితే మండిపడేవారు. "తుల్యం చెయ్యకుండా గుణించావంటే గది బయట నిలబెడతా. ఎంతలో ఎంత కలుస్తుందో తెలియనిదానివి, ఏం తూస్తావమ్మా?" ఆ కోపానికి భయపడేవాళ్ళం. కానీ తప్పు చేసిన పిల్ల పక్కనే నిలబడి, అర్థమయ్యేదాకా కదిలేవారు కాదు. బెల్లు కొట్టినా అంతే.

నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా మా నాన్న వేసిన మిరప నారు మాడిపోయింది. నారుకుళ్ళు రాకుండా మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, సున్నంతో కలిపి పోస్తారు. కిలోకి కిలో, వంద లీటర్ల నీళ్ళలో. నాన్న ఏటా చేసే పనే. ఈసారి పోసిన రెండోనాటికే ఆకులు కాలినట్టయ్యాయి. సున్నం అమ్మిన కొట్టాయన రచ్చబండ దగ్గర అందరూ వింటుండగా అన్నాడట: "ఇన్నేళ్ళు సేద్యం చేసి మోతాదు తెలవకపోతే ఎట్టా? ఆయన చేతిలో పడితే ఏదైనా మాడుద్ది." నన్ను చూడటానికి హాస్టల్‌కొచ్చిన నాన్న ఆ మాట చెప్పి తల దించుకున్నాడు. అప్పుడే గేటు దాటుతున్న మేడం ఆగారు.

"ఏం కలిపారండీ? మిగిలిందా?"

"గుప్పెడు మిగిలుంటదండి."

"రెండూ తెచ్చివ్వండి."

నాన్న మర్నాడే తెచ్చాడు. మా కాలేజీలో ల్యాబు ప్రాక్టికల్ పరీక్షలప్పుడు తప్ప తెరిచేవాళ్ళు కాదు. మేడం అటెండర్‌తో తాళం తీయించి క్లాసు మొత్తాన్నీ లోపలికి తీసుకెళ్ళారు. బోర్డు మీద సమీకరణం రాశారు. మైలతుత్తం ఒక మోలు, సున్నం ఒక మోలు.

"అది రెండొందల యాభై గ్రాములు, ఇది డెబ్భై నాలుగు. మరి కిలో మైలతుత్తానికి సున్నం ఎంత కావాలి?"

"మూడొందల గ్రాములు, ఇంకాస్త తక్కువే మేడం," అన్నాం.

"ఈ అమ్మాయి వాళ్ళ నాన్న ఎంత వేశారు? కిలో. అంటే కావలసినదానికి మూడు రెట్ల పైన."

రెండూ నీళ్ళలో కలిపి, అందులో కొత్త బ్లేడు ముంచారు. కాసేపటికి తీస్తే దాని మీద ఎర్రగా రాగి పొర. సున్నంతో కలవకుండా తుత్తం ఇంకా మిగిలే ఉందన్నమాట. ఆకుల్ని కాల్చింది అదే. తర్వాత ఆ సున్నం మీద ఆసిడ్ పోస్తే బుసబుసా పొంగింది. మంచి సున్నం అలా పొంగదు. ఎన్నాళ్ళుగానో మూతి విప్పిన బస్తాలో పడుండి, గాలి తగిలి చాలావరకు సుద్దగా మారిపోయింది. ఆ కిలోలో అసలు సున్నం మూడొందల గ్రాములు కూడా లేదు.

"సమీకరణం స్వచ్ఛమైన పదార్థం సంగతే చెబుతుంది," అన్నారు మేడం. "బస్తాలో ఏముందో దానికి తెలియదు. అది మీరే చూసుకోవాలి."

అక్కడితో ఆగితే ఆవిడ ఉద్యోగం మిగిలేదేమో. ఆదివారం బస్సెక్కి మా ఊరొచ్చారు. కొట్టు ముందే అదే సున్నం మీద ఆసిడ్ పోసి, పొంగు అందరికీ చూపించారు. "ఈయన మోతాదు తప్పలేదండీ. మీరమ్మింది సున్నం కాదు," అన్నారు. నాన్న దాచేపల్లి వైపు వెళ్ళి బట్టీలోంచి తీసిన రాయిసున్నం తెచ్చి, మళ్ళీ నారు పోశాడు. అది నిలిచింది.

ఆ కొట్టాయన కూతుళ్ళు మా కాలేజీలోనే చదివేవాళ్ళు. ఆయన కాలేజీకి ఫోన్ చేశాడు. మేడాన్ని ఆఫీసుకు పిలిచారు. మా క్లాసు పక్కనే కాబట్టి డైరెక్టర్ గొంతు మాకు వినపడింది. "ల్యాబు తీయమన్నదెవరు? సిలబస్ వెనకబడుతుంటే మీకు ఊళ్ళో తగువులెందుకండీ?" ఆవిడ గొంతూ వినపడింది. "నేను సిలబస్సే చెప్పానండీ. మీరు ఒకసారి చదవండి." మర్నాటి నుంచి మాకు కొత్త సారొచ్చి, జవాబులు పట్టే ఉపాయాలు చెప్పాడు. పిల్లలంటే శ్రద్ధ లేక మానేశారని మేడం గురించి తల్లిదండ్రులకు చెప్పారు. ఆ అబద్ధాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. ఆ తర్వాత ఏ పెద్ద కాలేజీ ఆవిణ్ణి తీసుకోలేదు. నరసరావుపేటలో ఇంటి వరండాలోనే చివరిదాకా పాఠం చెప్పారు. నేను వినుకొండ దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతున్నానంటే, వేసిన పునాది ఆవిడది.

సంతాపసభ ఆ కాలేజీలోనే పెట్టారు. నాన్నతో కలిసి వెళ్ళాను. "మేడం మా సంస్థకు ప్రాణం," అన్నాడు డైరెక్టర్. పాత విద్యార్థినిగా నన్ను మాట్లాడమన్నారు. మోలుకి మోలు లెక్క, బ్లేడు, ఆసిడ్, మా ఊరి కొట్టు, అన్నీ వరసగా చెప్పాను. "ప్రాణమైతే ఎందుకు తీసేశారండీ?" అని అడిగేసరికి మైకు ఆగిపోయింది.

వెనక వరసలోంచి నాన్న లేచాడు. "మైకెందుకమ్మా? గట్టిగా చెప్పు, అందరికీ వినపడుద్ది!"

చెప్పాను. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. ఆపమన్నవాళ్ళున్నారు, ఆపలేదు. సభలో కూర్చోబెట్టిన హాస్టల్ పిల్లలతో అన్నాను: "ఆవిడ తనంతట తాను మానలేదు. మీకు అలా చెప్పుంటే అబద్ధం." డైరెక్టర్ లేచి వెళ్ళిపోయాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకవి అక్కర్లేదు కూడా.

సభ అయిపోగానే వార్డెన్ పిల్లల్ని స్టడీ అవర్‌కి వరసగా నడిపించింది. ఆ వరసలో ఒక బక్కపల్చని అమ్మాయి మెట్ల దగ్గర ఆగిపోయింది. వెనకవాళ్ళు తోసుకుంటూ పోతున్నారు. వార్డెన్ కేకేసింది. ఆ పిల్ల వినిపించుకోలేదు. పెదాలు కదుపుతూ, కిలో మైలతుత్తానికి సున్నం ఎంతో వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంది.