కంచె వేసినవాడి రీలు

మా పక్కింటి ఆపరేటర్ గారు మొన్న శుక్రవారం పోయారు. ఏలూరులో ముప్ఫయ్యేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. జనాజా లేవకముందే హాలు యజమాని పంపిన గజమాల వాకిట్లోకి వచ్చింది. ఆపరేటర్ గారి ఆవిడ నా వంక చూశారు. ఆ దండ నేనే రిక్షాలో తీసుకెళ్ళి హాలు గేటుకి తగిలించి వచ్చాను. మర్యాద కాదన్నారు కొందరు. ఆయన్ని పనిలోంచి గెంటినవాడికి ఆ మర్యాద చాలు.

ఆ యజమానికి కొల్లేట్లో చేపల చెరువుంది. అడ్డంగా గట్టు పోసి, మా నాన్న వల వేసుకునే నీళ్ళు తన చెరువులో కలిపేసుకున్నాడు. తరవాత దయతలిచి మా నాన్ననే ఆ గట్టుకి కాపలా పెట్టాడు.

ఆపరేటర్ గారు సినిమా చూసేవారు కాదు, వినేవారు. క్యారేజీ విప్పి అన్నం తింటున్నా ఒక చెవి హాల్లోనే ఉండేది. రాక్షసబల్లుల సినిమా రెండో భాగం తెలుగులో వచ్చినప్పుడు మాత్రం ముందురోజే మొత్తం వేసి చూసుకున్నారు.

"మొదటి భాగంలో జంతువుని చూసి భయపడాలమ్మా. రెండో భాగంలో కంచె వేసినోణ్ణి చూసి భయపడాలి. దీవంతా నాదేనంటాడు కంపెనీవాడు. ముందు చచ్చేది కూలోళ్ళు. వాళ్ళకి పేర్లు కూడా పెట్టలేదు" అన్నారు.

"మా నాన్న కథేనండీ" అన్నాను.

"అందుకే చెప్తున్నాను. రేపు మొదటాటకి రా."

వెళ్ళాను. బాల్కనీలో యజమాని, ఆయన తోటి చెరువుల వాళ్ళు కూర్చున్నారు. ఆఖర్న కంపెనీ యజమానిని బల్లి నోట కరుచుకుంది. పాటకి వన్స్ మోర్ అంటే రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేయడం మా హాళ్ళలో మామూలే. చావుకి వన్స్ మోర్ అడిగింది నేనే, ఆడవాళ్ళ బెంచీల్లోంచి. నేల టిక్కెట్టంతా అందుకుంది. సగం మంది కొల్లేటివాళ్ళే మరి. తెర నల్లబడింది, ఆపరేటర్ గారు రీలు వెనక్కి తిప్పారు. బల్లి మళ్ళీ మింగింది. మూడోసారీ మింగింది. యజమాని ఉక్రోషంగా లేచేసరికి ఆయన తల నీడ సరిగ్గా దాని నోట్లో పడింది. హాలు ఈలలతో ఊగిపోయింది.

"ఎవరయ్యా అరిచింది?" అని బూత్‌లోకెళ్ళి అడిగాడట.

"ఎవరూ లేరండీ. నాకే చూడాలనిపించిందండీ" అన్నారట ఈయన. ఆ పూటే పని తీసేశాడు.

నేను వెళ్ళి నిజం చెప్పేస్తానంటే వెళ్ళనివ్వలేదు. "మీ నాన్నగారి పని కూడా పోద్దమ్మా. ఒకళ్ళం చాలు" అన్నారు. ఆ తరవాత వాకిట్లో మిక్సీలు బాగుచేసుకుని బతికారు. ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ పగంతా నేనే మోశాను. ఇంకా దించలేదు, దించను కూడా.

గవర్నమెంటు కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు కొట్టించినప్పుడు, ఆ యజమాని గట్టు వంతు వచ్చిన రోజున ఆపరేటర్ గారిని బస్సులో తీసుకెళ్ళాను. కొత్త సినిమా విడుదలకి వేసుకునే ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. మా నాన్న కాపలా కర్ర పట్టుకుని మా పక్కనే నిలబడ్డాడు. పొక్లెయిన్ బకెట్ గట్టులో దిగింది. మట్టి లేచింది, సన్నగా నీళ్ళు కదిలాయి. ఎన్నడూ గొంతెత్తని మనిషి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "వన్స్ మోర్!" అని అరిచారు.

డ్రైవరు ఇటు చూసి నవ్వాడు. బకెట్ పైకెత్తి, మళ్ళీ దింపాడు.