సత్తెమ్మ కలిపే పొడి

బల్కంపేటలో ఆ గల్లీ అంతా ఒకటే మాట: సత్తెమ్మ మొగుడికి తెలియకుండా కూరలో ఏదో పొడి కలుపుతోందట. లేకపోతే, సీసా ఖాళీ చేయనిదే ఇల్లు చేరని ఆటో మొగిలయ్య, పెళ్లాం వెనక మేకపిల్లలా తిరుగుతాడా?

ఎదురింటి హైందవి ఆ మాట నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. బడి మానేసినప్పటి నుంచి కిటికీ దగ్గర కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. సూది కదులుతున్నా చూపంతా ఎదురు గుమ్మం మీదే. రోజూ పొద్దున సత్తెమ్మ ఒక బిళ్లను నీళ్లలో కరిగించి ఇస్తుంది. మొగిలయ్య గటగటా తాగి నాలుక చాపి చూపిస్తాడు.

"మింగినవా? జర పక్కకు తిరుగు."

"పోలీసోళ్లు సుత గింత చూడరే!"

ఇద్దరూ నవ్వుకుంటారు. ఎదురుగా ఇచ్చేదాన్ని తెలియకుండా కలపడం అంటారా? హైందవికి అంతుపట్టలేదు.

బోనాల నాడు ఎల్లమ్మకు సాకగా కల్లు ధారపోసి వచ్చాక, మొగిలయ్య అన్న నర్సయ్య గ్లాసు నిండా కల్లు వంచి తమ్ముడి చేతిలో పెట్టాడు. పొడి పట్టు విడవాలంటే అమ్మవారి కల్లే తాగించాలని ఎవరో చెప్పారట.

"ప్రసాదంరా. ఒక్క గుక్క తాగు."

"వద్దు బావా! పానం మీదికొస్తది!" సత్తెమ్మ అరిచింది.

"చూసిండ్రా, తన గుట్టు బయటపడుతదని ఎట్ల ఉలిక్కిపడ్డదో!" నర్సయ్య చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు.

సత్తెమ్మ వాకిట్లో నిలబడి హైందవి అంతా చూస్తోంది. మొగిలయ్య గ్లాసును కళ్లకద్దుకున్నాడు. వాసనకు ముక్కుపుటాలు అదిరాయి. కల్లంతా వేపమండల మీద పోసేశాడు.

"నా వంతు సుత అమ్మకే. గా బిళ్ల మింగినోడు కల్లు తాగితే గుండె దడొచ్చి పడిపోతడే, అన్నా. డాక్టరమ్మ మరీమరీ చెప్పింది."

"గసొంటి బిళ్ల నీ పెండ్లాం ఎందుకిస్తుందిరా?"

"నేనే ఇయ్యమన్న. నా చేతిలుంటే పారేస్తనని నాకెరుక."

నర్సయ్య ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెట్టి, విస్తరి ముందు కూర్చున్నాడు.

జనం పలచబడ్డాక హైందవి ధైర్యం చేసి అడిగింది: "ఆస్పత్రికి మీరే తీసుకెళ్లారా, పిన్నీ?"

సత్తెమ్మ తల అడ్డంగా ఊపింది. పంజాగుట్టలో సవారీని దించి, ఆటో పక్కన పెట్టి, మొగిలయ్య ఒక్కడే తాగుడు మాన్పించే ఆస్పత్రి మెట్లెక్కాడు. సంగతి ఆమెకు తెలిసింది ఆ తర్వాతే.