మూడో చెరువు గట్టు మీది బచ్చలి

కలకత్తా బదిలీ అయ్యాక నాకు ఆదివారమంటే బెంగ పట్టుకుంది. భవానీపూర్‌లో గది చుట్టూ కావలసినంత జనం, పలకరించే నోరు ఒక్కటీ లేదు. అందుకే హౌరా మెయిల్లో పరిచయమైన సింహాచలం మాట గుర్తొచ్చింది. పలాస దగ్గరి మనిషి, టీటాగఢ్‌లో మురుగునీటిని శుద్ధిచేసే చోట పని. "మా ఇంటికి ఎవులూ రారు బాబూ, మీరైనా రండి" అన్నాడు.

బంద్ లేని ఆదివారం చూసుకుని పొద్దున్నే బస్సులో సియాల్దా స్టేషన్ చేరాను. దారి పొడుగునా గోడల మీద సుత్తీ కొడవలీ. లోకల్ రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి పెద్దమనిషి ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

"మురుగు చూడటానికా! దార్జిలింగ్ వెళ్ళు దాదా" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

తొమ్మిదింటికి టీటాగఢ్‌లో దిగాను. సింహాచలం ఇస్త్రీ చొక్కాతో ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. రిక్షాలో వెళ్ళాం. వెళ్ళదలచినవారు టిఫిన్ తిని వెళ్ళడం మంచిది, గేటు దగ్గర వాసనకి టీ కూడా దిగదు.

ఊరి మురుగంతా పంపులు లాగి అక్కడికి తోస్తాయి. ఇనుప జాలీలో చిక్కుకున్న గుడ్డలూ ప్లాస్టిక్కూ దంతెతో లాగెయ్యడం ఆయన పని. ఆపైన నీళ్ళు ఒక్కో చెరువులో తాపీగా నిలిచి తేరుకుంటాయి. మొదటి చెరువు నల్లన, రెండోది పచ్చన. మూడోదాంట్లో చేపలు ఎగురుతున్నాయి, వాసన లేదు. అక్కణ్ణుంచి కాలవలో గంగకి.

"ఈ సెరువులు లేకపోతే ఆ కంపంతా తిన్నగా గంగలోకే బాబూ. దిగువ రేవులో మా సెల్లి రవణ రోజూ తానమాడతాది. నా ఇంట్లో మాత్రం మంచినీలు ముట్టదు" అన్నాడు.

ఆ చెల్లెలు దగ్గర్లోనే జూట్ మిల్లు కూలీల ఇళ్ళ లైన్లలో ఉంటుందట.

క్వార్టర్ ఒకటే గది. కొత్త స్టీలు కంచం, దాని మీద కొట్టువాడి కాగితం ఇంకా అంటుకునే ఉంది. చేపల పులుసు గిన్నె మూత తీశాడు.

"నేను చేపలు తిననండీ. మా ఇంట్లో ఎవరూ తినరు."

ఆయన మూత పెట్టేశాడు. "అందరూ ఏదో ఒకటి సెప్తారు బాబూ. పర్లేదు."

నిజం చెబుతున్నా నమ్మడు. ముందు కూజాలో నీళ్ళు ఒంచుకుని గ్లాసుడు తాగాను. "మూడో చెరువు గట్టు మీద బచ్చలి చూశాను. ఆ నీళ్ళతో పెరిగిందే కదా? అది వండండి, ఆకలేస్తోంది" అన్నాను.

ఆయన గట్టుకెళ్ళి బచ్చలి కోసుకొచ్చి కత్తిపీట అందుకున్నాడు. ఆవ పెట్టి వండాడు. రెండుసార్లు మారు వడ్డించుకున్నాను. ఆయన తినడం మాని నన్నే చూస్తూ కూర్చున్నాడు.

తిరిగొస్తుంటే లైన్ల మొగలో ఆగాడు. "బాబూ, మా ఇంట్లో తిన్నారని మా సెల్లితో ఓ మాట సెప్తారేటి? నాను సెప్తే నమ్మదు." ఇల్లు చూపించి, తను పక్క కొట్టు చాటున నిలబడ్డాడు.

రవణ గుమ్మం దాటి రాలేదు. "మీ అన్నయ్య ఇంట్లో భోంచేసి వస్తున్నానమ్మా" అన్నాను.

"అక్కడే తిన్నారేటి? ఏటి వొండినాడు?"

"బచ్చలి కూర, ఆవ పెట్టి."

ఆమె తలుపు చెక్క పట్టుకుని గడప దగ్గరికి జరిగింది. తరవాత మెల్లగా, "ఉప్పు సరిపోనాదా? సిన్నప్పట్నించీ ఆడు ఉప్పు మరిసిపోతాడు" అంది.

ఆ మాట మోసుకొచ్చి అన్నకు చెప్పాను. "అలగడిగినాదా! నిజిమే?" అని స్టేషన్ దాకా నాలుగుసార్లు అడిగాడు. బండి కదిలాక కూడా చెయ్యెత్తి నవ్వుతూనే ఉన్నాడు.

సియాల్దాలో దిగేసరికి దీపాలు పెట్టారు. మనుషుల్ని తోసుకుంటూ బస్సెక్కాను. చూడదగ్గ చోటేనా అని ఎవరైనా అడిగితే, తప్పకుండా చూడండంటాను. ఆయన ఇంట్లో తినిరండి. కూరలో ఉప్పు తక్కువే. అది నేను రవణకు చెప్పలేదు. నా కూరలో ఉప్పు సంగతి అడిగే మనిషి భవానీపూర్‌లో ఎవరున్నారా అని దారంతా వెతుక్కున్నాను.