చచ్చిన వంగమొక్కల పక్కన

మా అన్న ఊళ్లో బడిపంతులు. పిల్లలతో వ్యవసాయ క్లబ్బు పెట్టాడు. చుట్టుపక్కల ఏ బళ్లోనూ అప్పటికి అలాంటిది లేదు. తలా ఒక మడి, తలా ఒక నోటుబుక్కు. మొక్క చస్తే ఏం పోయిందో, ఎందుకు పోయిందో అందులో రాయాలి. బాగా పండినదాని గురించి మాత్రం రాయనిచ్చేవాడు కాదు. అంత తిక్క మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

అరవయ్యో దశకం చివర్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మే చదువుతూ తార్నాకలో గది తీసుకుని ఉండేవాణ్ణి. అప్పుడు యూనివర్సిటీ హాల్లో బడిపిల్లల పంటల ప్రదర్శన పెట్టారు. మెచ్చిన క్లబ్బుకు ఎకరం సర్కారు భూమి ఇస్తారట. క్లబ్బు సాగుచేసే చెలకను దాని ఆసామి వెనక్కి అడుగుతున్నాడు. ఈ ఎకరం రాకపోతే క్లబ్బు మూతపడ్డట్టే.

అలాంటప్పుడు మనిషన్నవాడు ఏం తెస్తాడు? అన్న తడిగోనెలో చచ్చిన వంగమొక్కలు వేళ్లతో సహా తెచ్చాడు. గదంతా బురద.

"గివేందన్నా? మంచి కాయలు లేవా?"

"మంచియి పిల్లలు ఇండ్లకు తీస్కపోయిన్రు. గీ తెగులేందో గీడ సదువుకున్నోళ్లు చెప్తరు గదా."

ఒళ్లు మండింది. మా క్లాసువాళ్లంతా ఆ హాలుకు వస్తారు. పొద్దున్నే లాలాపేట వెళ్లి నిగనిగలాడే వంకాయలు కొన్నాను. హాల్లో అన్న పేరు రాయించడానికి వెళ్లగానే వాటిని మొక్కల పక్కన పేర్చాను.

అన్న వెంట, ఎకరం ఎవరికివ్వాలో తేల్చే ప్రొఫెసర్ వచ్చాడు. నేరుగా ఒక మొక్క తీసి కాండం చీల్చి చూశాడు. నోటుబుక్కు తిరగేస్తూ, "ఏ దినం వాడిందో గూడ రాసిన్రే" అని కుర్చీ లాక్కున్నాడు. అప్పుడు కనిపించాయి ఆయనకు కాయలు.

"ఇవి గూడ ఆ మడిలవేనా?"

అన్న బల్ల చూశాడు, నన్ను చూశాడు. "లేదు సార్. గవి మావి గావు."

"మరి ఈ మొక్కలన్న మీవేనా?" అని ఆయన నోటుబుక్కు మూసేసి పక్క బల్లకు వెళ్లిపోయాడు.

గదికి వచ్చాక అన్న నోటుబుక్కు, పెన్ను నా ముందు పెట్టాడు.

"ఏం పోయింది, ఎందుకు పోయింది. రాయి. పిల్లలకు సూపెట్టాలె."

రాసిచ్చాను. అన్న మొత్తం చదివాడు. నేను 'క్లబ్బు మేలు కోరి' అని రాసినచోట గీత కొట్టి, పైన 'సిగ్గుపడి' అని దిద్దాడు.