చలికాలంలో విసనకర్ర

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే ఇంతకాలం నవ్వి ఊరుకునేవాణ్ణి. చిన్నప్పటి నుంచి డైరీ రాస్తున్నాను, చూసింది మాత్రమే రాస్తాను. ఇదీ అలాగే రాస్తున్నాను.

రిటైరయ్యాక నాకొక వింత వ్యాపకం పట్టుకుంది. పాతకాలపు శవపేటికల తయారీదార్లు, అంత్యక్రియల కంపెనీలు రాసుకున్న వ్యాపార ఉత్తరాలు, పంచిపెట్టిన ప్రకటనలు సేకరిస్తాను. కెనడాలోని ఏజాక్స్ ఊళ్లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక్కొక్కదాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, టేపు వేసి, ఆల్బమ్‌లో అమరుస్తాను. నా భార్య సుగుణకు ఇది బొత్తిగా గిట్టదు. "పోయినవాళ్ల సరుకు కింద, మనం పైన. బాగుంది కాపురం" అని దెప్పుతుంది.

కిందటి ఫిబ్రవరిలో ఒక అట్ట విసనకర్ర కొన్నాను. ఒకవైపు గొర్రెపిల్లను ఎత్తుకున్న ఏసు, మంచి కాపరి బొమ్మ, రెండోవైపు అంత్యక్రియల కంపెనీ ప్రకటన. ఏసీలు లేని రోజుల్లో ఇలాంటివి చర్చిలకు ఊరికే ఇచ్చేవారు. దాన్నీ కవర్లో పెట్టి టేపు వేశాను.

మర్నాడు మధ్యాహ్నం మంచు తుఫాను. సుగుణ పైన సోఫాలో నిద్రపోతోంది. ఆమెకు ఆస్తమా. ఇన్‌హేలర్ ఆమె చేతికందేలా పెట్టి, కిందికి దిగి ఉత్తరాలు సర్దుకుంటున్నాను. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ మోతలో పై మాటలేవీ వినపడవు.

టీ కోసం పైకి వెళ్లేసరికి ఇన్‌హేలర్ సోఫా కిందికి దొర్లిపోయి ఉంది. సుగుణ పెదాలు నీలంగా ఉన్నాయి. గబగబా మందు పట్టించి 911కి ఫోన్ చేశాను. పారామెడిక్స్ వచ్చేదాకా ఆమెను నిటారుగా కూర్చోబెట్టి పట్టుకున్నాను.

సాయంత్రం హాస్పిటల్లో ఆమె మాస్క్ పక్కకు జరిపింది.

"ఈ చలిలో ఈగలెక్కడివండీ? అంతసేపు అలా విసిరారెందుకు?"

నేను విసరలేదన్నాను.

"మరి నా తలదగ్గర కూర్చున్నదెవరు? కళ్లు తెరవలేకపోయాను. ఆ గాలికే ఊపిరాడింది. మా అమ్మ పెట్టె పక్కన మేం విసిరామే, అలా, మెల్లగా."

మా కోస్తా వైపు క్రైస్తవుల ఇళ్లలో, పోయిన మనిషిని శవపేటికలో పడుకోబెట్టాక సమాధికి తీసుకెళ్లేదాకా ఆడవాళ్లు పక్కన కూర్చుని, ఈగలు వాలకుండా విసురుతారు.

ఇంటికి రాగానే బేస్‌మెంట్‌లోకి వెళ్లాను. టేపు వేసింది వేసినట్టే ఉంది. కవర్ లోపల మాత్రం ఆవిరి పట్టి ఉంది. విప్పి చూస్తే విసనకర్ర పిడి చెమటచేతితో పట్టుకున్నట్టు తడిగా ఉంది. పక్క కవర్లన్నీ తీసి చూశాను. పొడిగా ఉన్నాయి.

దాన్ని పారేస్తానంటే సుగుణ ఒప్పుకోలేదు. ఆ వచ్చినవాళ్లు ఆమెకు ఊపిరి అందించడానికి వచ్చారో, పెట్టె పక్కన కూర్చోవాల్సినవాళ్లు కాస్త ముందుగా వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె నిద్రపోతున్నప్పుడు నేనిక కిందికి దిగను.