బోర్డు మీద కింది గీత

చరిత్ర మాస్టారు క్లాసులోకి రాగానే బోర్డుకు అడ్డంగా రెండు గీతలు గీస్తారు. ఒక ఏడాది తీసుకుని, ఆ ఏడు లోకంలో ఏం జరిగిందో పై గీత మీద, బడి ఉన్న వీధిలో ఏం జరిగిందో కింది గీత మీద రాస్తారు. ఆయన చొక్కా జేబు ఎంత ఉతికినా సుద్దపొడి వదలదని ఇంటావిడ రోజూ సణుగుతుంది. ఆవేళ పన్నెండో తరగతికి పైన ప్రపంచ యుద్ధం రాసి, కింద "బూట్ల కార్ఖానా, నలభై మంది ఆడవాళ్లు" అని రాశారు. సైనికులకు బూట్లు కుట్టి కుట్టి వేళ్లు వంకర్లు పోయినవాళ్లు వాళ్లు.

"అందులో మా తాతమ్మ కూడా ఉందండీ!" అంటూ వెనక బెంచీ పిల్ల ఎగిరి లేచింది. సరిగ్గా అప్పుడే కొత్త ప్రిన్సిపాలు గుమ్మంలోంచి, "కింది గీత తుడిచెయ్యండి మాస్టారూ. పరీక్షలో రాని సోది మనకెందుకు?" అన్నారు. నలభై మంది వేళ్లు సోదట! పిల్ల మొహం చిన్నబోయింది. ఏనాడూ గొంతు పెంచని మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. డస్టరు తీసుకుని పై గీత మీదున్న యుద్ధాన్నంతా బరబరా తుడిచేశారు.

"బూట్లు లేకుండా ఆ యుద్ధం ఎలా నడిచిందో తమరే చెప్పండి, వింటాం," అని డస్టరు ఆయన చేతిలో పెట్టి, వెళ్లి పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నారు.