ఒక సీటు, రెండు గుంటలు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మార్చి నెలలో, చిలకలూరిపేటలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా చేరాను. మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలే రోజులవి. లోడుబండి ఏది దాటిపోయినా వెనక వచ్చేవాళ్లకు తుమ్ములే. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లంటారు. బ్రేకులు చూసే మాట నిజమే గానీ, నాకు అసలు పిచ్చి డ్రైవరు సీటు మీద.

ఆ పిచ్చి గురించి కాస్త చెప్పాలి. పికప్పు డ్రైవరు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. దిగిన ప్రతిసారీ కుడి తొడ సీటు కుడి అంచును రాసుకుంటూ పోతుంది. ముందు అక్కడి రెక్సిను తెల్లబడుతుంది, తర్వాత పగులుతుంది, ఆపైన కుట్టు విడుతుంది. లోపలి ఫోము పసుప్పచ్చని పొడై కింద రాలుతుంది. తల ఆనే చోట నూనె మరక ఎంత ఎత్తున ఉందో చూస్తే డ్రైవరు పొడుగెంతో చెప్పొచ్చు. ఎడమ అంచు మాత్రం బండి తుక్కుకు వెళ్లేదాకా గట్టిగానే ఉంటుంది. ఇదీ నా సిద్ధాంతం. ఇది వినీ వినీ మా ఆవిడ నాతో బండెక్కడమే తగ్గించేసింది.

చేరిన నెలలోపే పోలీసు స్టేషను నుంచి కాగితం వచ్చింది. దొంగల దగ్గర తెల్ల పికప్పు ఒకటి దొరికింది, తనిఖీ చేసి అది ఎవరిదో నివేదిక ఇవ్వమని. దొంగలు పనిమంతులు. నంబరు ప్లేటు మార్చారు, అదే తెల్లరంగు మళ్లీ వేశారు, ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ రెండూ అరగదీశారు. సీటుకు పూలపూల కవరు కూడా తొడిగారు. బండి నాదంటే నాదని ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకాయన పత్తి వ్యాపారి సాంబశివరావు గారు. రెండోవాడు పర్చూరు వైపు నుంచి వచ్చిన ఏసురత్నం, సొంత బండి తనే తోలుకునే మనిషి. ఇద్దరివీ ఒకే కంపెనీ, ఒకే ఏడు కొన్న తెల్ల పికప్పులు. రెండూ ఆ సీజన్లోనే పోయాయి. ఎవరూ అబద్ధాలకోర్లు కారు. ఎవరి ఆశ వాళ్లది.

అరగదీసిన నంబరును ప్రయోగశాలలో యాసిడ్ పూసి మళ్లీ తేల్చవచ్చు, కానీ దానికి నెలలు పడుతుంది. ఈలోగా నా నివేదికలో "గుర్తించలేము" అని రాస్తే బండి స్టేషను వెనకే ఉండిపోతుంది. అక్కడ అప్పటికే ఉన్న ఒక జీపు మీదికి గుమ్మడి తీగ పాకి కాయలు కూడా కాసింది. ఏసురత్నం బండి కన్నా ఆ కాయలవైపే ఎక్కువ చూస్తున్నాడు. సీజను దాటితే అతనికి ఆ ఏడు బేరాలు లేనట్టే.

పూల కవరు లాగేశాను. దొంగలు దాని కింది సీటు మార్చలేదు. కుడి అంచు నా సిద్ధాంతం ప్రకారం చక్కగా చిరిగి ఉంది. పక్కకు చెయ్యి జరిపానో లేదో వేళ్లు లోపలికి దిగాయి. ఎడమ వైపు ఇంకో గుంట! చిన్నది, కాస్త ముందుకు దిగినది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో డ్రైవరు సీటుకు రెండో గుంట చూడలేదు. నాకు అక్కడే గంతులేయాలనిపించింది. యూనిఫాంలో ఉన్నాను గనక ఆగాను.

ఆ సీట్లో ఎవరెవరు కూర్చునేవారని ఇద్దరినీ అడిగాను. తమ డ్రైవరు ఒక్కడేనని, తమ దగ్గర రూల్సంటే రూల్సేనని సాంబశివరావు గారు గర్వంగా చెప్పారు. ఏసురత్నం నా ఖాకీ బట్టల వంక చూసి, "నేనొక్కణ్ణేనండి, ప్రభువు తోడు!" అన్నాడు. డ్రైవరు సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకోవడం నేరమని, కేసు రాసేది నేనేనని అతనికి తెలుసు.

వెనక నిలబడ్డ అతని భార్య మరియమ్మ ఒక్కసారి ముందుకొచ్చింది.

"ప్రభువునెందుకయ్యా లాగుతావు, నేను ఇక్కడ బతికుండగా? సార్, ఆ ఎడంపక్క గుంట నాదండి!"

తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. మా వైపు రైతు తన మిరపకాయను ఒంటరిగా యార్డుకు పంపడు. టిక్కీలు, అంటే కాయ నింపిన బస్తాలు, మారిపోతాయని తనూ బండెక్కుతాడు, తోడుగా తమ్ముణ్ణో బావనో ఎక్కిస్తాడు. దాంతో పక్కసీటు నిండిపోతుంది. దారిలో పిగిలిన టిక్కీలు యార్డులో కుట్టే పని మరియమ్మది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండి, ఈయన నెత్తిమీదా? ఆరేళ్లుగా ఆ సగంలోనే కూర్చున్నా!"

ఇద్దరినీ ఎక్కి కూర్చోమన్నాను. అతను కుడికి ఒరిగి మోచెయ్యి కిటికీ బయట పెట్టాడు. ఆమె ఎడమ గుంటలో, ముందుకు వంగి, అచ్చు పోసినట్టు కుదిరింది. గేర్లు మార్చి చూపించమన్నాను. అతని చెయ్యి గేరు రాడ్డు మీద పడకముందే ఆమె మోకాలు పక్కకు తప్పుకుంది. ఆమె అటు చూడను కూడా లేదు, పక్కన నిలబడ్డ ఎస్సై గారికి ఇంకేదో చెబుతూనే ఉంది. ఇంతలో సీటులో ఆరేళ్లుగా పేరుకున్న కారపు దుమ్ము గుప్పున లేచింది. నేను తుమ్మాను, ఎస్సై గారు తుమ్మారు, ఇద్దరు కానిస్టేబుళ్లు వంతులేసుకుని తుమ్మారు. సాంబశివరావు గారు కళ్ల నీళ్లు తుడుచుకుంటూ చేతులెత్తేశారు.

"బాబూ, ఇది నా బండి కాదండి! మా డ్రైవరు కూర్చున్నాక ఆ సీట్లో చీమకు కూడా చోటుండదు."

అందరం నవ్వాం. ఏసురత్నం మాత్రం, కేసు రాస్తారా సార్ అని మెల్లగా అడిగాడు. గట్టిగా మందలించాననే గుర్తు. తుమ్ముల మధ్య ఎంత గట్టిగా వినబడిందో చెప్పలేను.

సీటులో రెండు గుంటలున్నాయని, దంపతులు కూర్చోగా రెండూ సరిపోయాయని నివేదికలో రాశాను. మా పై అధికారి ఫోను చేసి, ఇది వాహన తనిఖీయా, పెళ్లిచూపులా అని అడిగారు. సీటు గుంట రుజువు కాదని నాకూ తెలుసు. అందుకే నంబరు తేల్చడానికి ప్రయోగశాలకూ సిఫారసు చేశాను. సాంబశివరావు గారు హక్కు వదులుకున్నట్టు రాసిచ్చారు కాబట్టి కోర్టు బండిని తాత్కాలికంగా ఏసురత్నానికి అప్పగించింది. సీజను ఇంకా మిగిలే ఉంది. వర్షాలు పడ్డాక ప్రయోగశాల జవాబు వచ్చింది. నంబరు అతనిదే.

మళ్లీ ఫిట్‌నెస్ పరీక్షకు అదే బండి వచ్చింది. కొత్త ఫోము, కొత్త రెక్సిను. "ఇప్పుడు నేనొక్కణ్ణేనండి" అన్నాడు ఏసురత్నం. ఈసారి ప్రభువును పిలవలేదు. బొటనవేలితో ఎడమ అంచు నొక్కాను, అక్కడ కొత్త ఫోముకు అప్పుడే గుంట పడింది. గేటు అవతల వేపచెట్టు కింద మరియమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఈసారి మందలింపు అందరికీ వినబడింది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. ఇద్దరు మనుషులు రెండు మాటలు చెప్పినప్పుడు, తమకు నష్టం తెచ్చే మాట చెప్పినవాళ్లను ముందు వినాలి. ఉద్యోగం దిగిపోయేదాకా అలాగే విన్నాను. ఎడమ అంచు అరగదన్న సిద్ధాంతాన్ని మాత్రం ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.